చెరసాల గుమ్మమునొద్ద నిలిచిన ఫకీరు

ఫ్రెడరిక్ బూత్-టక్కర్ జీవిత చరిత్ర (1853–1929)

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 40, 41 అధ్యాయములు, ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక



గత సంవత్సరము వినాయక చవితికి కొన్ని దినములు ముందుగా నేను హైదరాబాదు పాతబస్తీలోని ధూల్‌పేటకు వెళ్లితిని. పురానాపూల్ దాటి మంగళ్‌హాట్ వైపు నడచినయెడల ఆ పేట కనబడును. వీధికి ఇరుప్రక్కల పెద్ద పెద్ద బొమ్మలు వరుసగా నిలిచియుండెను. రంగులు వేయు యౌవనస్థులు నిచ్చెనలమీద కూర్చుండి పని చేయుచుండిరి. సంక్రాంతి కాలమున గాలిపటములు, శ్రావణ మాసమున రాఖీలు, భాద్రపదమున బొమ్మలు – ఇట్లు ఋతువును బట్టి చేతిపని చేసికొను కుటుంబములు అక్కడ అనేకములు కలవు. వారిలో ఎక్కువమంది లోధీలు. వారి పితరులు ఉత్తరదేశమునుండి వచ్చినవారు.

అయితే లోకము ధూల్‌పేట పేరు చెప్పగానే చేతిపనిని తలంచదు. గుడుంబాను తలంచును, ఇప్పుడు గంజాయిని తలంచును. 2015 తరువాత ప్రభుత్వము అక్కడి సారా బట్టీలను అణచివేయ పూనుకొనెను. ఆ వృత్తి విడిచినవారికి వేరొక జీవనోపాధి చూపుదుమని చెప్పెను. 2024లో ఎక్సైజు శాఖవారు గంజాయి విషయమై ఆ పేటమీదనే ప్రత్యేకముగా దాడులు జరిపిరి. తప్పు చేసినవారు కొందరు, అపకీర్తి మోయువారు అందరును. పేట పేరు చెప్పుటకే అచ్చటి పిల్లలు సిగ్గుపడవలసి వచ్చుట ఎంత విచారకరము!

నేను బొమ్మలను చూచుటకు వెళ్లలేదు. మా సంఘములోని ఒక యౌవనస్థుని వెదకుటకు వెళ్లితిని. అతడు మా ఊరినుండి కూలికి పోయి, అక్కడ ఒక బొమ్మల కార్ఖానాలో రంగులు వేయుచుండెను. పండుగ అయిపోయిన తరువాత పని నిలిచిపోయెను. ఎవడో ఒకడు ఒక పొట్లమును మరియొక గల్లీకి చేర్చినయెడల కొన్ని వందల రూపాయలు ఇచ్చెదనని చెప్పగా అతడు దానిని మోసికొని పోయి పట్టుబడెను. కొన్ని నెలలు చెరసాలలో ఉండెను. నేను రెండు పర్యాయములు వెళ్లి జాలి వెలుపలనుండి అతనిని చూచితిని, ప్రార్థన చేసితిని, క్రొత్త నిబంధన పుస్తకము ఇచ్చితిని. నా విధి నేను నెరవేర్చితినని తలంచుకొని ఇంటికి వచ్చితిని.

బెయిలు దొరికిన దినము ఏదో నాకు తెలియదు. తెలిసికొనవలెనని నేను ప్రయత్నింపనూ లేదు. అతని తల్లికి తెలియదు. సాయంకాలమున అతనిని విడిచిపెట్టిరి. ఫోను పోలీసులయొద్ద ఉండిపోయెను. బస్సు చార్జీ జేబులో లేదు. గుమ్మము వెలుపల అతని కొరకు వేచియున్న వాడు ఒక్కడే – మునుపు ఆ పొట్లమును ఇచ్చినవాడు. వాడు టీ త్రాగించెను, అన్నము పెట్టించెను, పండుకొనుటకు చోటు చూపెను. ఇతడు వాని వెంట వెళ్లెను. సహోదరులారా, అపవాది మనుష్యుడు గుమ్మమునొద్ద ఉండెను, దేవుని సంఘము అక్కడ లేదు. ఈ మాట వ్రాయుటకు నా చెయ్యి వణకుచున్నది.

నేను అతనిని కనుగొన్నప్పుడు అతడు నన్ను నిందింపలేదు. తాను ఊరికి రావచ్చునా అనియు, వచ్చినయెడల ఆదివారము గుడిలో తన ప్రక్కను ఎవరైనను కూర్చుందురా అనియు మాత్రము అడిగెను. ఆ దినమున నాయొద్ద ఉత్తరము లేదు. తిరుగు బస్సులో కూర్చున్నప్పుడు, నేను సెమినరీలో చదువుకొను దినములలో ఎరిగిన ఒక దైవజనుని జీవితము నాకు జ్ఞాపకము వచ్చెను. మన తెలుగు నేలలోని స్టూవర్టుపురమునకు పునాది వేసినవాడు ఆయనే. ఆయన చేసిన మేలును, ఆయన పనిలోని లోపమును రెండును మనకు పాఠములు గనుక ఆ చరిత్రను ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను.

అధికారి కుమారుడు

ఫ్రెడరిక్ టక్కర్ 1853వ సంవత్సరము మార్చి 21వ తేదీన బీహారులోని మాంఘీరు పట్టణమున జన్మించెను. ఆయన తాత ఈస్టిండియా కంపెనీకి అధ్యక్షుడుగా ఉండినవాడు. తండ్రి ఈ దేశమున పెద్ద ఉద్యోగము చేసినవాడు. బాలుడు ఇంగ్లాండునకు పంపబడి చెల్టెన్‌హామ్ కళాశాలలో చదివెను. 1874లో ఐ.సి.యస్. పరీక్షలో నెగ్గెను. ఆ కాలమున ఆ పరీక్ష నెగ్గినవానికి జిల్లాలను ఏలు అధికారము, గొప్ప జీతము, వృద్ధాప్యమున పింఛను సిద్ధముగా ఉండెను. మానవుడు కోరుకొనదగినదంతయు అతని యెదుట పరచబడియుండెను.

అయితే 1875లో మూడీ అను అమెరికా సువార్తికుడు లండనులో కూటములు జరుపుచుండగా ఈ యౌవనస్థుడు వాక్యము విని తన హృదయమును ప్రభువునకు అప్పగించెను. మరుసటి సంవత్సరము పంజాబులో అసిస్టెంటు కమీషనరుగా నియమింపబడి వచ్చెను. ఆయన మేజిస్ట్రేటు పీఠముమీద కూర్చుండి నేరస్థులకు శిక్ష విధించుచుండెను. తీరిక వేళలలో బజారులలో నిలిచి సువార్త చెప్పుచుండెను. పై అధికారులకు ఇది నచ్చలేదు.

1881లో సాల్వేషన్ ఆర్మీ, అనగా రక్షణ సైన్యము వారి పత్రిక ఒకటి ఆయన చేతికి వచ్చెను. లండను పేటలలో త్రాగుబోతులను, దొంగలను, దిక్కులేని స్త్రీలను విలియమ్ బూత్ అను దైవజనుడు చేరదీయుచున్న సంగతి అందులో చదివి, సెలవు పెట్టి లండనునకు వెళ్లి, ఆ పనిని కన్నులార చూచెను. వెంటనే ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చెను. జీతము పోయెను, పింఛను పోయెను, బంధువుల గౌరవము పోయెను. ఆయన వెనుకకు తిరిగి చూడలేదు.

శిక్ష వేసినవాడు శిక్ష అనుభవించుట

1882 సెప్టెంబరు 19వ తేదీన టక్కరు మరి ముగ్గురితో కలిసి బొంబాయి రేవున దిగెను. సైన్యము అను పేరు విని ప్రభుత్వము కలవరపడి, పోలీసులను సిద్ధపరచెను. దిగినవారు నలుగురే! వారు వీధులలో పాటలు పాడుచు, తప్పెట కొట్టుచు ఊరేగింపుగా పోవుచుండగా పోలీసులు అడ్డగించి పట్టుకొనిరి. జరిమానాలు విధింపబడెను. 1883లో టక్కరు బొంబాయి చెరసాలలో ఒక నెల దినములు గడపెను.

ఇది ఎంత ఆశ్చర్యమైన సంగతి! పంజాబులో పీఠముమీద కూర్చుండి మనుష్యులను చెరసాలకు పంపినవాడు ఇప్పుడు తానే ఖైదీయై కటకటాల లోపల కూర్చుండెను. శిక్షాస్మృతి పుస్తకములో చదువలేనిది అక్కడ ఎరిగెను. తలుపు మూసినప్పుడు కలుగు దుఃఖము ఒకటి. తలుపు తెరచినప్పుడు ఎక్కడికి పోవలెనో తెలియకుండుట మరియొకటి. ఆయన కొరకు వెలుపల స్నేహితులు వేచియుండిరి. ఆయనతో కూడ ఉన్న అనేకుల కొరకు ఎవరును వేచియుండలేదు.

ఆ దినములలోనే ఆయన దొరల వస్త్రములు విడిచి కాషాయము ధరించెను, కాళ్లకు చెప్పులు లేకుండ నడచెను, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకొనెను, మన ప్రజల ఆహారము తినెను. ఎండకును వ్యాధులకును ఆయన సహవాసులలో అనేకులు మరణించిరి. 1877లో ఆయన వివాహమాడిన లూయిసా అమ్మగారు 1887లో ఈ దేశముననే ప్రభువునందు నిద్రించెను. మరుసటి సంవత్సరము ఆయన జనరల్ బూత్ కుమార్తెయైన ఎమ్మాను వివాహమాడి, ఆమె ఇంటిపేరును తన పేరుతో కలుపుకొని బూత్-టక్కర్ అని పిలువబడెను.

గుమ్మమునొద్ద పని

1883 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పట్టణమున రక్షణ సైన్యము వారు ఒక చిన్న ఇల్లు తీసికొనిరి. చెరసాలనుండి విడుదలయైనవారిని గుమ్మమునొద్దనే కలిసికొని, ఆ ఇంటికి తీసికొనివచ్చి, స్నానము చేయించి, భోజనము పెట్టి, పని వెదకి ఇచ్చుచుండిరి. ఆ సైన్యము క్రమముగా జరిపిన సాంఘిక సేవకు అదియే మొదలు అని చెప్పుదురు. కొన్ని సంవత్సరములలో కొలంబోలోను బొంబాయిలోను అదే విధమైన పని ఆరంభమాయెను. బూత్-టక్కరు 1891లో ప్రకటించిన పుస్తకములో ఈ పనిని గూర్చి వివరముగా వ్రాసెను.

ఆ పని ఎట్లు జరుగునో గమనించుడి. మొదట, ఎవరు ఏ దినమున విడుదలగుదురో చెరసాల అధికారులను అడిగి తెలిసికొనవలెను. రెండవది, ఆ ఉదయమున గుమ్మమునొద్ద ఉండవలెను. మూడవది, ఆ రాత్రి పండుకొనుటకు చోటు చూపవలెను. నాలుగవది, చేతికి పని ఇవ్వవలెను. ప్రసంగము ఈ నాలుగింటిలో లేదని మీరు అనుకొందురేమో. ఆ నాలుగును ప్రసంగమే. ఆకలిగొన్నవాడు రొట్టెలో ప్రేమను రుచి చూచును, పిమ్మట వాక్యమును వినును.

1891లో బూత్-టక్కరు లండనుకు పిలువబడెను; 1896 మొదలు 1904 వరకు అమెరికాలో ఆ సైన్యమునకు నాయకుడుగా ఉండెను. పట్టణములలోని నిరుపేదలను పొలములకు తీసికొనిపోవలెనని కొలరాడో, కాలిఫోర్నియా, ఒహాయో రాష్ట్రములలో వ్యవసాయ గ్రామములను స్థాపించెను. అవి నిలువలేదు. కొలరాడోలోని ఫోర్ట్ అమిటీ గ్రామమున నేలలోనికి చవుడు ఊరి పంటలు చెడెను. మంచి మనస్సుతోపాటు మంచి నేలయు ఉండవలెనని ఆయన కష్టము ద్వారా నేర్చుకొనెను. 1903 అక్టోబరు 28వ తేదీన ఎమ్మా అమ్మగారు ఆ గ్రామమునుండి భర్తను కలిసికొనుటకు చికాగోకు వచ్చుచుండగా మిస్సోరీ రాష్ట్రమున రైలు ప్రమాదములో మరణించెను. పిల్లలు తల్లి లేనివారైరి. ఆ దుఃఖమంతయు మోసికొనియే ఆయన మరల పనిలో నిలిచెను.

తెలుగు నేలమీద

1906లో ఆయన మిన్నీ రీడ్ అమ్మగారిని వివాహమాడి, 1907లో మరల ఇండియాకు వచ్చెను. ఈ పర్యాయము ఆయన చేపట్టిన పని మనకు మిక్కిలి సమీపమైనది.

1871లో ఆంగ్ల ప్రభుత్వము ఒక చట్టము చేసెను. దానిని బట్టి కొన్ని జాతులవారు పుట్టుకతోనే నేరస్థులని ఎంచబడిరి. తొట్టెలోని శిశువు ఏ తప్పు చేసెను? అయినను పుస్తకములో పేరు వ్రాయబడెను. వారు పోలీసువారియొద్ద హాజరు వేయించుకొనవలెను. అనుమతి చీటీ లేక ఊరు దాటరాదు. 1911లో ఆ చట్టము తిరిగి వ్రాయబడి మద్రాసు రాష్ట్రమునకును వచ్చెను. మన ప్రాంతమున ఎరుకలవారు ఆ కాడి క్రిందికి తేబడిరి. వారు మునుపు గాడిదలమీదను ఎద్దులమీదను ఉప్పును ధాన్యమును కోస్తానుండి లోపలి ఊళ్లకు చేర్చి వర్తకము చేసికొనువారు. రైలు వచ్చెను, ఉప్పుమీద ప్రభుత్వపు పట్టు బిగిసెను, వారి వర్తకము నశించెను. పని పోయినవానిని పట్టుకొని దొంగ అని పేరు పెట్టుట సులభము.

1908లో ఉత్తరదేశపు గవర్నరు కోరికమీద బూత్-టక్కరు గోరఖ్‌పూరులో డోములు అను జాతివారి కొరకు ఒక సెటిల్‌మెంటును ఆరంభించెను. దెబ్బలవలనను చెరసాలవలనను మారనివారు పనివలనను ప్రేమవలనను మారుదురని ఆయన నమ్మెను. మగ్గములు పెట్టించెను, పట్టుపురుగుల పెంపకము నేర్పించెను, పిల్లలకు బడులు పెట్టించెను. 1913లో ప్రభుత్వము ఆయనకు కైజర్-ఇ-హింద్ బంగారు పతకము ఇచ్చెను.

ఇంచుమించు ఆ కాలముననే, 1913-14 సంవత్సరములలో, బాపట్ల, చీరాల పట్టణముల నడుమ రైలు మార్గమునొద్ద ఎరుకలవారి కొరకు ఒక సెటిల్‌మెంటు ఏర్పడెను. మద్రాసు ప్రభుత్వమున కార్యనిర్వాహక సభ్యుడుగా ఉన్న హెరాల్డ్ స్టూవర్టు దొర పేరున దానికి స్టూవర్టుపురము అని పేరు కలిగెను. నడిపించు భారము రక్షణ సైన్యమునకు అప్పగింపబడెను. చెరసాలనుండి విడుదలయైన పురుషులు అక్కడ భార్యాబిడ్డలతో కాపురముండిరి. భూమి బాగుచేసి సేద్యము చేసిరి. పిల్లలు బడికి పోయిరి. తరువాతి కాలమున చీరాలలోని పొగాకు కంపెనీలో అనేకులు పని చేసిరి. తాతలు దొంగలని పిలువబడిన ఇండ్లలో మనుమలు ఉపాధ్యాయులును ఉద్యోగులును అయిరి. దేవునికి స్తోత్రము.

లోపమును దాచరాదు

అయినను, పరిశుద్ధ గ్రంథము దావీదు పాపమును దాచలేదు, పేతురు పిరికితనమును దాచలేదు. మనమును మన దైవజనుల లోపములను దాచరాదు.

స్టూవర్టుపురము ఆశ్రయమే, అయితే దాని చుట్టు కంచె ఉండెను. అక్కడికి తమంతట తాము వచ్చినవారు కొందరు, బలవంతముగా తేబడినవారు అనేకులు. వారిలో ఎన్నడును నేరము చేయనివారును ఉండిరి. ప్రొద్దున హాజరు, రాత్రి హాజరు. కంపెనీకి తక్కువ కూలికి మనుష్యులు దొరుకుటయు ఆ ఏర్పాటులో ఒక భాగమేయని చరిత్రకారులు చూపియున్నారు. బూత్-టక్కరు తన పుస్తకములలో ఆ జాతులను గూర్చి వాడిన కొన్ని మాటలు నేడు చదివినయెడల నొప్పి కలుగును. ఆయన మనుష్యులను ప్రేమించెను, సందేహము లేదు. కాని పుట్టుకనుబట్టి మనుష్యుని నేరస్థుడని వ్రాసిన ఆ పుస్తకమును చింపివేయుడని అడుగుటకు బదులుగా, ఆ పుస్తకములోని పేర్లను తన చేతికి ఇయ్యుడని అడిగెను. పేరు మాత్రము అట్లే ఉండిపోయెను.

ఆయన 1919లో ఈ దేశము విడిచి వెళ్లెను. 1929 జూలై 17వ తేదీన లండనులో పరలోకపు పిలుపు నందుకొనెను. అప్పటికి ఆ చట్టము ఇంకను ఉండెను. మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను అది రద్దు చేయబడెను. చట్టము పోయినను మచ్చ పోలేదు. స్టూవర్టుపురము పేరు సినిమాలలో నేటికిని దొంగతనమునకు మారుపేరుగా వాడబడుచున్నది. అక్కడినుండి వచ్చిన బాలుడు తన ఊరి పేరు చెప్పుటకు వెనుదీసినయెడల తప్పు ఎవరిది? 1970ల దశాబ్దిలో జాషువ కవిగారి కుమార్తె హేమలతా లవణముగారు తమ భర్తతో కూడ ఆ ఊరికి వెళ్లి, ఆ కుటుంబముల నడుమ పని చేసిరి. వారు మన విశ్వాసమునకు చెందినవారు కారు, నాస్తికులు. అయినను మనము దాటిపోయిన త్రోవలో వారు ఆగి నిలిచిరి. సమరయుని ఉపమానము ఎరిగిన మనము సిగ్గుతో ఒప్పుకొనవలెను.

ధ్యానము

యోసేపు చెరసాలలో ఉన్నప్పుడు పానదాయకుల అధిపతికి మేలు చేసి, వెలుపలికి వెళ్లిన పిమ్మట తనను జ్ఞాపకము చేసికొనుమని వేడుకొనెను. అతడు మరచిపోయెను. రెండు నిండు సంవత్సరములు గడచెను. ఫరో పిలిచినప్పుడు యోసేపు క్షౌరము చేయించుకొని వస్త్రములు మార్చుకొని వెళ్లెనని మోషే వ్రాసెను. ఈ చిన్న మాటను ఎందుకు వ్రాసెను? చెరసాల వేషముతో ఎవడును క్రొత్త జీవితములోనికి నడచిపోలేడు. ఆ దినమున ఎవరో ఒకరు అతనికి మంగలకత్తియు, ఉదికిన వస్త్రమును ఇచ్చియుందురు. వారి పేర్లు వ్రాయబడలేదు. అట్టివారే నేడు కావలెను.

పౌలు చెరసాలలో ఉండి ఫిలేమోనుకు పత్రిక వ్రాసెను. పారిపోయిన ఒనేసిమును తిరిగి పంపుచు, అతడు ఏమైనను బాకీ పడియున్నయెడల తన లెక్కలో వ్రాయుమనెను. అతనిని ఇక దాసుడుగా కాక సహోదరుడుగా చేర్చుకొనుమనెను. తుదకు, నేను ఎన్ని పర్యాయములు చదివినను గమనింపని ఒక మాట 22వ వచనములో ఉన్నది. తాను విడుదలయగుదునని నిరీక్షించుచు, తన కొరకు బస సిద్ధము చేయుమని పౌలు అడిగెను. గొప్ప అపొస్తలుడైన పౌలునకే చెరసాలనుండి వచ్చిన రాత్రి ఒక పడక కావలసియుండెను. మన ఊరి పేద కుమారునికి అక్కరలేదా?

మన దేశపు చెరసాలలలో 2022వ సంవత్సరపు లెక్క ప్రకారము ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకను తీర్పు కానివారు. అట్టివారు బెయిలు దొరికిన దినముననే హఠాత్తుగా వెలుపలికి వచ్చెదరు. కాబట్టి సిద్ధపాటు విడుదల దినమున కాదు, చెరసాలకు వెళ్లిన దినముననే ఆరంభము కావలెను. గ్రామ సంఘములు చేయదగిన పనులు కొన్ని ఇవి. మొదట, జిల్లా న్యాయసేవాధికార సంస్థవారియొద్దకు వెళ్లినయెడల పేదలకు వకీలు ఉచితముగా దొరకును. సంఘ పెద్ద ఒకడు తల్లిదండ్రులకు తోడుగా పోవలెను. వాయిదా తేదీలు ఒక కాగితముమీద వ్రాసి ఉంచవలెను. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము పోకుండ ఇంటియొద్ద భద్రపరచవలెను. లోపల ఉన్నవాడు చదువు గాని, వడ్రంగము గాని, మగ్గము గాని, ఏదైనను నేర్చుకొనునట్లు ఉత్తరములద్వారా ధైర్యపరచవలెను. భార్యాబిడ్డలను ఆ నెలలలో ఎవరును విడువరాదు. వచ్చినవానికి మొదట కావలసినది పాడు కాని ఇల్లు. గుమ్మమునొద్ద ఒకడు నిలువవలెను. ఆ వారములోనే కూలి పని గాని, చేతిపని గాని చూపవలెను. దొంగిలినవాడు ఇక దొంగిలక తన చేతులతో కష్టపడి అక్కరగలవానికి పంచిపెట్టవలెనని ఎఫెసీయులకు వ్రాసిన పౌలు, ఆ చేతులకు పని దొరకవలెననియు తలంచియుండును గదా.

తప్పును తప్పు కాదని చెప్పవలెనని నేను వ్రాయుటలేదు. ఆ పొట్లములోని గంజాయి ఎవరి బిడ్డను పాడు చేసియుండునో దేవునికి తెలియును. జక్కయ్య తాను అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగంతలు మరల చెల్లించెదననెను. మారుమనస్సు పొందినవాడు తన వలన నష్టపోయినవారిని తలంచుకొనవలెను. అయితే జక్కయ్య ఆ మాట చెప్పినది ప్రభువు అతని యింట బస చేసిన పిమ్మటనే అని మరువకుడి.

ఇక మా యౌవనస్థుని సంగతి. నేను తిరిగి వచ్చి పెద్దలను కూర్చి, దాచకుండ సమస్తమును చెప్పి, నా తప్పును ఒప్పుకొంటిని. కొందరు కోపపడిరి, కొందరు భయపడిరి. ఆడబిడ్డలున్న ఇండ్లవారి భయమును నేను తేలికగా ఎంచలేదు. ఒక వృద్ధ విధవరాలు లేచి, ఆదివారము అతడు తన ప్రక్కను కూర్చుండవచ్చునని చెప్పెను. అంతటితో వాదము ముగిసెను. మా సంఘములోని మేస్త్రీ ఒకరు అతనిని తన పనిలో చేర్చుకొనెను. ఇప్పుడు గోడలకు సున్నము, రంగులు వేయుచున్నాడు. రంగుల పని ధూల్‌పేటలోనే నేర్చుకొనెను గదా. కేసు ఇంకను నడుచుచున్నది. వాయిదా దినమున మాలో ఒకరము అతనితో హైదరాబాదుకు పోవుచున్నాము. ఒకసారి రెండు వారములు పనికి రాక మమ్మును భయపెట్టెను, తరువాత వచ్చెను. ఈ కథ ముగియలేదు. మంచిగా ముగియునని నేను ప్రమాణము చేయలేను. అతడు ఒంటరిగా ఉండడని మాత్రము చెప్పగలను.

బూత్-టక్కరు తన గొప్ప పీఠమును విడిచి చెరసాల గుమ్మమునొద్దకు నడచి వచ్చెను. ఆయన పని యంతయు నిలువలేదు, ఆయన తలంపులన్నియు సరియైనవి కావు. అయినను గుమ్మము తెరచినప్పుడు అక్కడ ఒక మనుష్యుడు ఉండవలెనని ఆయన ఎరిగియుండెను. మన సంఘములో ఎవని కుమారుడు, ఎవని సహోదరుడు నేడు లోపల ఉన్నాడు? వాని విడుదల దినము మనకు తెలియునా? వాని కొరకు చాప పరచియుంచితిమా?

ప్రార్థన: చెరలో ఉన్నవారిని మరువని తండ్రీ, మేము మరచినవారిని మాకు జ్ఞాపకము చేయుము. వారి తప్పిదమువలన గాయపడినవారిని స్వస్థపరచుము. తిరిగి వచ్చువారి కొరకు మా ఇండ్లలో చోటును, మా పొలములలో పనిని, మా బల్లయొద్ద స్థలమును సిద్ధపరచు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.